వెయ్యిన్నూట పదహారు డాలర్లు

పాస్‌బుక్కులో ఒకే ఒక్క వరుస. 2018 సెప్టెంబరు 19 తేదీ మీద 85,162 రూపాయల 20 పైసలు ఖర్చు. పక్కన ‘ఎఫ్‌సీ చెక్ రిటర్న్’ అని మూడు ముక్కలు. అదే పేజీలో కాస్త పైన, ఆగస్టు 7న, అదే చెక్కు తాలూకు జమ 75,441 రూపాయల 60 పైసలు.

చెక్కు చెల్లలేదు కాబట్టి వేసిన డబ్బు వెనక్కి తీసుకున్నారంటే అర్థముంది. వేసింది డెబ్బై అయిదు వేలయితే తీసింది ఎనభై అయిదు వేలు ఎందుకయింది? పైసా చేతికి రాని చెక్కు కోసం పింఛను డబ్బులోంచి 9,720 రూపాయల 60 పైసలు పోయాయి.

ఆ పాస్‌బుక్కు మా హార్మోనియం మాస్టారిది. నాచారం స్నేహపురి కాలనీలో మా పక్క వీధి. ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియాలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. తెనాలి వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. పగలంతా మ్యాపుల మీద ఎత్తుపల్లాల గీతలు గీసి, రాత్రయితే పద్యనాటకానికి హార్మోనియం పట్టేవారు. బలిజేపల్లి వారి ‘సత్య హరిశ్చంద్రీయం’లో కాటి సీను ఎవరు వేసినా, వెనక ఈయన కూర్చుంటే నటుడికి ధైర్యం. హరిశ్చంద్రుడు రాగం తీస్తూ ఎంత దూరం వెళ్తే అంత దూరం వెంట వెళ్ళి, ఊపిరి తీసుకునే చోట స్వరం అందించి, మళ్ళీ పద్యంలోకి తెచ్చి దించాలి. చప్పట్లన్నీ నటుడికి పడతాయి. హార్మోనిస్టు పేరు కరపత్రంలో అన్నిటికన్నా కింద ఉంటుంది.

అందుకే ఆ జూలైలో అమెరికాలోని ఒక తెలుగు సంఘం వాళ్ళు నగరంలో సభ పెట్టి, తెర వెనక కళాకారులకు సన్మానం అన్నప్పుడు మా వీధి వీధంతా వెళ్ళాం. శాలువా, పూలదండ, జ్ఞాపిక. ఆపైన వెయ్యిన్నూట పదహారు డాలర్ల చెక్కు. పెళ్ళికయినా పేరంటానికయినా మనం చదివించే పదహార్లు అక్కడ డాలర్లయ్యాయి. సంఘం కార్యదర్శి చెక్కును మాస్టారి చేతిలో పెట్టి, ఫొటోగ్రాఫరు వైపు తిప్పి, “కొంచెం పైకెత్తి పట్టుకోండి మాస్టారూ” అన్నాడు. ఫొటో అయ్యాక భుజం మీద చెయ్యి వేసి, “జాగ్రత్తగా దాచుకోండి. డబ్బు కన్నా విలువైంది” అని మైకులోనే చెప్పాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది. మాస్టారి భార్య ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

ఆ డబ్బుతో ఏం చేయాలో ఆయన ఇంటికి వచ్చే దారిలోనే తేల్చేసుకున్నారు. హార్మోనియం తిత్తి పగిలి గాలి పోతోంది. తోలు మార్పించాలి. మంద్రంలో రెండు రీడ్లు మూగబోయాయి. గుజరాత్‌లోని పాలిటానా రీడ్లు వేయించాలి. మిగిలింది ఆవిడ కంటి ఆపరేషనుకి.

ఆయన పింఛను ఖాతా ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక బ్యాంకులో ఉంది. చెక్కు అక్కడే వేశారు. విదేశీ చెక్కు మన ఊరి చెక్కులా రెండో రోజుకి తేలిపోదు. మన బ్యాంకుకి న్యూయార్కులోనో మరో చోటో ఒక పెద్ద బ్యాంకులో డాలర్ల ఖాతా ఉంటుంది. చెక్కు అక్కడికి వెళ్ళాలి, అక్కడి నుంచి చెక్కు ఇచ్చినవాళ్ళ బ్యాంకుకి వెళ్ళాలి. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, కలెక్షన్. డబ్బు ఖాయంగా వచ్చాకే మన ఖాతాలో వేస్తారు. ఆలస్యం, కానీ వేసింది మామూలుగా వెనక్కి పోదు. రెండోది, క్యాష్ లెటర్. చెక్కులన్నీ కట్టగట్టి పంపి, ముందే మన ఖాతాలో జమ రాసేస్తారు. చెల్లకపోతే ఆ జమను తిరగరాస్తారు. ఆ తిరగరాసేటప్పుడే నష్టమంతా ఉంటుంది. మన దగ్గర డాలరు కొనేటప్పుడు బ్యాంకుకి ఒక రేటు, మనకు అమ్మేటప్పుడు ఇంకో రేటు. అమ్మకం రేటు ఎప్పుడూ ఎక్కువే. పైగా 2018లో రూపాయి పడుతూనే ఉంది. జనవరిలో 64 దరిదాపుల్లో ఉన్న డాలరు అక్టోబరుకి 74 దాటింది. చెక్కు జమ రాసినప్పుడు మాస్టారి డాలరును 67 రూపాయల 60 పైసలకు కొన్న బ్యాంకు, ఆరు వారాల తర్వాత అదే డాలరును 73 రూపాయల 20 పైసలకు ఆయనకే అమ్మింది.

ఇదంతా తర్వాత తెలిసింది. మొదట తెలిసింది ఆ ఒక్క వరుసే.

మాస్టారు హబ్సిగూడ దాకా బస్సులో వెళ్ళి, అక్కడ మెట్రో ఎక్కి, ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం దాటి ఉప్పల్‌లో దిగారు. నేనూ వెంట వెళ్ళాను. కౌంటర్లో కూర్చున్న అమ్మాయిని ఆయన అడిగింది ఒకటే.

“దేనికెంతో విడగొట్టి రాసివ్వమ్మా.”

“అది సిస్టమే తీసుకుంటుంది సార్.”

“సిస్టమ్‌కి ఎవరో ఒకరు చెప్పి ఉంటారు కదమ్మా. ఏం చెప్పారో అదే నాకూ చెప్పండి.”

ఆ అమ్మాయి మేనేజరు గదికి పంపింది. మేనేజరు మర్యాదస్తుడే. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. “విదేశీ చెక్కుల్లో ఇవి మామూలేనండీ. పెద్దవారు, మీకు చెప్పినా అర్థం కావు” అన్నాడు.

మాస్టారు టీ తాగలేదు. “నేను ముప్పై ఏళ్ళు మ్యాపులు గీశానండీ. గీత ఎందుకు వంకర తిరిగిందో చెప్పకుండా ఒక్క షీటు కూడా పై అధికారికి ఇవ్వలేదు. హరిశ్చంద్రుడు లెక్క అడక్కుండా మాటిచ్చాడు, కాటిదాకా వెళ్ళాడు. నేను హరిశ్చంద్రుణ్ణి కాను, ఆయన వెనక హార్మోనియం వాయించేవాణ్ణి. నాకు లెక్క కావాలి.”

మేనేజరు నవ్వలేదు. కంప్యూటర్లో చూసి, ఒక కాగితం మీద రాసిచ్చాడు. మారకం తేడా 6,249 రూపాయల 60 పైసలు. విదేశీ బ్యాంకు తీసుకున్న 15 డాలర్లకు 1,098 రూపాయలు. ఇక్కడి రిటర్న్ ఛార్జీ జీఎస్టీతో కలిపి 590. కొరియరు 236, మళ్ళీ కొరియరు 236. నలభై మూడు రోజుల వడ్డీ 1,311.

కాగితంతో పాటు తిరిగొచ్చిన చెక్కూ ఇచ్చారు. అది చెక్కు కాదు, చెక్కు బొమ్మ. అమెరికాలో 2004 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న చట్టం వల్ల అసలు కాగితం తిరిగి రావాల్సిన పని లేదు. దాని నలుపు తెలుపు నకలే చెక్కుగా చెలామణీ అవుతుంది. సభలో ఎత్తి పట్టుకున్న ఆ చెక్కు ఇప్పుడు బూడిదరంగు అచ్చులో, మీద అడ్డంగా ఒక ముద్రతో వచ్చింది. “ఇదేమిటి?” అని మాస్టారు నన్నడిగారు. ‘ఖాతాలో చాలినంత డబ్బు లేదు’ అని చదివి చెప్పాను.

ఆయన కాసేపు ఆ ముద్ర వైపే చూశారు. “పెద్ద సంస్థ. ఎన్ని ఖర్చులుంటాయో. చూసుకుని ఉండరు” అన్నారు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. శాలువా కప్పినవాళ్ళ మీద మాట పడనివ్వలేదు. వాళ్ళకు ఒక ముక్క తెలియజేయమని ఆవిడ పోరుపెడితే, నా చేతే కార్యదర్శికి వాట్సాప్‌లో రెండు వాక్యాలు పెట్టించారు. ‘చెక్కు తిరిగి వచ్చినది. తమరి వీలు చూసుకుని పరిశీలించ ప్రార్థన.’ చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు లేదు.

బ్యాంకుని మాత్రం ఆయన వదల్లేదు. ఆ రాత్రి డ్రాయింగు బల్ల మీద తెల్లకాగితం పరిచి, స్కేలు పెట్టి గళ్ళు గీశారు. అచ్చులాంటి చేతిరాతతో ఎడమవైపు బ్యాంకు తీసుకున్న మొత్తం, కుడివైపు తన ప్రశ్న రాశారు.

కొరియరు రెండుసార్లు ఎందుకు? పంపింది ఒక చెక్కే.

వడ్డీ ఎందుకు? ఖాతాలో జమ రాసిన మాట నిజమే. కానీ ఆ మొత్తం మీద మీరే లీన్ పెట్టారు. చెక్కు ఖాయమయ్యేదాకా తీయడానికి వీల్లేదన్నారు. నేను ఒక్క రూపాయి తీయలేదు. నేను వాడుకోని డబ్బుకి నేనెందుకు వడ్డీ కట్టాలి?

మారకం తేడా నా మీద ఎందుకు? క్యాష్ లెటర్ కావాలా, కలెక్షన్ కావాలా అని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆగుతాననే చెప్పేవాణ్ణి. నేను సంతకం చేసిన ఫారం చూపించండి.

ఈ మూడో ప్రశ్నే అసలైంది. మర్నాడు మేనేజరు ఫైలు తెప్పించాడు. ఫారం మీద మాస్టారి సంతకం ఉంది. దాని పైన రెండు గళ్ళున్నాయి, ఒకటి తక్షణ జమకి, ఒకటి కలెక్షన్‌కి. రెండూ ఖాళీ. టిక్కు పెట్టాల్సిన చోట ఎవరూ ఏమీ పెట్టలేదు. మేనేజరు ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది మా వల్ల జరిగిందే” అన్నాడు. ఆ మాట అన్నందుకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. తన స్థాయిలో అంత మొత్తం వెనక్కివ్వడానికి అధికారం లేదని, పైకి రాయమని ఆయనే చెప్పాడు. నోడల్ ఆఫీసరు చిరునామా తనే రాసిచ్చాడు.

అర్జీ అడుగున మాస్టారు ఇంకో వాక్యం చేర్చారు. ‘నెలలోగా సమాధానం రాకపోతే సైఫాబాద్‌లోని రిజర్వు బ్యాంకు భవనంలో ఉన్న బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకుంటాను.’ ఆ పథకం 1995లో మొదలైంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసినా తీసుకునేవారు. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల ఆగి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌ని ఆశ్రయించొచ్చు. 2021 నవంబరు 12న మూడు అంబుడ్స్‌మన్ పథకాలను కలిపి ఒకటి చేశారు. ఫిర్యాదు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లోనూ పెట్టుకోవచ్చు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇంత సదుపాయం ఉన్నా మనలో ఎంతోమంది పాస్‌బుక్కులో తెలియని వరుస కనిపిస్తే నిట్టూర్చి మూసేస్తారు. అడిగితే ఏమనుకుంటారో అని జంకుతారు. మన ఖాతాలోంచి పోయిన ప్రతి రూపాయికీ ఒక పేరుండాలి. ఆ పేరు అడగడంలో నామోషీ ఏమీ లేదు. మాస్టారి గళ్ళ కాగితం చూశాక నాకీ మాట గట్టిగా చెప్పాలనిపించింది.

అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళాల్సిన పని పడలేదు. అక్టోబరు రెండో వారంలో జవాబు వచ్చింది. మారకం తేడా పూర్తిగా, వడ్డీ పూర్తిగా, రెండోసారి పడిన కొరియరు ఖర్చు, మొత్తం 7,796 రూపాయల 60 పైసలు ఖాతాలో తిరిగి వేశారు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని నోడల్ ఆఫీసరు సంతకంతో ఉత్తరం. విదేశీ బ్యాంకు తీసుకున్నది, ఇక్కడి రిటర్న్ ఛార్జీ, ఒక కొరియరు కలిపి 1,924 రూపాయలు మాత్రం న్యాయంగా తనే భరించాలని మాస్టారు ఒప్పుకున్నారు. “చెక్కు తిరిగొస్తే ఆ ఖర్చు ఎవరో ఒకరు మోయాలి కదా” అన్నారు.

ఆ సాయంత్రం మా ఇంటికి కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆవిడ కేసరి చేసి పెట్టింది. హార్మోనియం మూత తీసి ఉంది. తిత్తి బాగుచేయించడానికి పింఛనులోంచే కొంత పక్కన పెడదామని మాస్టారు లెక్కలు వేస్తున్నారు. కంటి ఆపరేషను సంక్రాంతి తర్వాత చూద్దామని ఆవిడే అంది. అప్పుడు ఫోన్ మోగింది. అమెరికా నంబరు. ఆయనకు వినికిడి కాస్త తక్కువ కాబట్టి స్పీకరు పెట్టాను.

“మాస్టారూ, నమస్కారం. గుర్తుపట్టారా?”

గొంతు గుర్తుపట్టి మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “నమస్కారమండీ. మీరే చేస్తారని అనుకుంటూనే ఉన్నాను.”

“మీ మెసేజి చూశాను. ఆ చెక్కు నిజంగా బ్యాంకులో వేశారా?”

“వేశానండీ. తిరిగొచ్చింది. మీరేం కంగారు పడకండి. ఇక్కడ బ్యాంకుతో వచ్చిన చిక్కు ఇవాళే తీరిపోయింది. వేరే చెక్కు మీ వీలు చూసుకుని, నెమ్మదిగానే…”

“అది కాదు మాస్టారూ. అది సభ కోసం ఇచ్చిన చెక్కు. దాచుకోండని మైకులో కూడా చెప్పాను కదా. ఆ రోజు పదకొండు మందికి ఇచ్చాం. మిగతా వాళ్ళంతా అర్థం చేసుకున్నారు. మీరొక్కరే బ్యాంకుకి తీసుకెళ్ళారు.”

మాస్టారు ఏమీ అనలేదు. ఆవిడ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. అవతల గొంతు ఆగలేదు.

“సంఘం ఖాతాలో అంత డబ్బు ఉంచం. మీ చెక్కు వచ్చి తిరిగి వెళ్ళినందుకు ఇక్కడి బ్యాంకు మా దగ్గర 35 డాలర్లు కోసింది. మా కోశాధికారి రోజూ అడుగుతున్నాడు. మీ వల్ల పడిన ఖర్చు కాబట్టి మీరే పంపడం పద్ధతి. రూపాయల్లో వేసినా ఫర్వాలేదు మాస్టారూ. రేటు మాత్రం ఇవాళ్టిది కట్టండి, డాలరు 74 దాటింది.”